కెవిన్ గురించి ఎవరూ మాట్లాడలేదు

సూపర్‌మార్కెట్లో సరుకులు తీసుకుంటున్న ఈవాకు కాస్త దూరంలో ఓ స్త్రీ కనిపిస్తుంది. ఆమె కంట పడకూడదని బండి అక్కడే వదిలేసి గబగబా పక్క వరుసలోకి తప్పుకుంటుంది. వెనక్కి ఆనుకుని నిలబడిన చోట కింది నుంచి పైదాకా టమాటా సూప్ డబ్బాలు. అన్నీ ఎర్రవే. కాసేపాగి తిరిగొచ్చి డబ్బులు కట్టబోతే, అట్టపెట్టెలోని గుడ్లన్నీ చితికి ఉంటాయి. ఎవరు చితక్కొట్టారో ఆమెకు తెలుసు. వేరే పెట్టె తెచ్చుకోవచ్చు, కానీ తెచ్చుకోదు. ఆ గుడ్లే ఇంటికి తీసుకెళ్లి అట్టు వేసుకుంటుంది. పంటికి తగిలిన పెంకు ముక్కల్ని ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి పక్కన పెట్టుకుంటూ తింటుంది.

నేరం చేసింది ఆమె కాదు, ఆమె కొడుకు. పదహారేళ్లయినా నిండని ఆ పిల్లాడు కెవిన్ ఒక రోజు బడిలోని వ్యాయామశాల తలుపులకు తాళాలు బిగించి, లోపలున్న తోటి విద్యార్థులను బాణాలతో కొట్టి చంపాడు. అతను బాలనేరస్థుల జైల్లో ఉన్నాడు. తల్లి మాత్రం అదే ప్రాంతంలో, ఆ చనిపోయిన పిల్లల తల్లిదండ్రుల మధ్యే బతుకుతోంది. రోడ్డు మీద ఒకావిడ ఎదురొచ్చి చెంప మీద కొడుతుంది. ఎవరో ఇంటి ముందు గోడకూ కారుకూ ఎర్ర రంగు పోసి పోతారు. ఆ రంగును గీకుతూ, తోముతూ, కడుగుతూ ఈవా సినిమా అంతా కనిపిస్తుంది. ఒక్క చోట కూడా పోలీసులకు ఫిర్యాదు చెయ్యదు.

2011లో కాన్స్ చిత్రోత్సవంలో పోటీ విభాగంలో మొదటిసారి చూపించిన ‘వి నీడ్ టు టాక్ అబౌట్ కెవిన్’ ఇలా శిక్ష దగ్గర మొదలై, నేరాన్ని వెతుక్కుంటూ వెనక్కి వెళ్తుంది. దర్శకురాలు లిన్ రామ్సే స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పుట్టి పెరిగిన మనిషి. ఈవాగా టిల్డా స్వింటన్, భర్త ఫ్రాంక్లిన్‌గా జాన్ సి. రైలీ, ఎదిగిన కెవిన్‌గా ఎజ్రా మిల్లర్ నటించారు. పాడైపోయిన పిల్లల మీద సినిమాలు చాలానే వచ్చాయి. ఎక్కువ భాగం పిల్లాడి వైపు నుంచో, పోలీసుల వైపు నుంచో, బాధితుల వైపు నుంచో చెప్పినవి. ఇది తల్లి బుర్రలో నడిచే విచారణ. ముద్దాయి ఆమె, సాక్షి ఆమె, జడ్జి కూడా ఆమె.

సినిమాకు ఆధారం లయొనెల్ ష్రైవర్ 2003లో అచ్చు వేయించిన నవల. ష్రైవర్‌ది అమెరికాలోని నార్త్ కరోలినా. తల్లిదండ్రులు పెట్టిన పేరు మార్గరెట్ ఆన్. పదిహేనేళ్ల వయసులో అది నచ్చక మగపేరు పెట్టుకుంది. ‘కెవిన్’కు ముందు ఆరు నవలలు వచ్చినా ఆమె పేరు పెద్దగా ఎవరికీ తెలియదు. ఏడోదాన్ని ఎందరో ప్రచురణకర్తలు వెనక్కి పంపారు. కన్నకొడుకు మీద ప్రేమ పుట్టని తల్లి ఆ నవలలో కథ చెబుతుంది మరి! పైగా రాసినావిడకు పిల్లల్లేరు. చివరకు పుస్తకం బయటికొచ్చి, చదివినవాళ్లు ఒకరికొకరు చెప్పుకుని, 2005లో బ్రిటన్‌లో మహిళా రచయితలకిచ్చే ఆరెంజ్ ప్రైజ్ గెలిచేదాకా వెళ్లింది. చదివినవాళ్లు రెండు జట్లుగా చీలిపోయారు. తప్పంతా తల్లిదేనని ఒక జట్టు, ఆ పిల్లాడి పుట్టుకే అంతని రెండోది.

నవల మొత్తం ఈవా తన భర్తకు రాసే ఉత్తరాలే. ఉత్తరాల్లో మనిషి వాదిస్తుంది, సమర్థించుకుంటుంది, దెప్పిపొడుస్తుంది. రామ్సే ఆ ఉత్తరాలన్నీ పక్కన పడేసింది. నేపథ్యంలో వినిపించే గొంతు కూడా పెట్టలేదు. దాంతో పుస్తకంలో గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ఈవా తెరమీద దాదాపు మూగదైపోయింది. సాహసమే అది. స్వింటన్ కాకుండా మరొకరైతే ఆ పాత్ర చప్పగా తేలిపోయేదేమో. ఆమె ముఖంలో కండరం కదలకుండానే అలసట, కోపం, సిగ్గు ఒకదాని వెనక ఒకటి వచ్చిపోతుంటాయి.

రామ్సేకు ఇది మూడో సినిమా. ‘రాట్‌క్యాచర్’ 1999లో, ‘మోర్వర్న్ కాలర్’ 2002లో వచ్చాయి. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఖాళీ. మధ్యలో ‘ది లవ్లీ బోన్స్’ మీద ఏళ్ల తరబడి పనిచేస్తే అది చేజారి పీటర్ జాక్సన్ దగ్గరికి వెళ్లింది. కెవిన్ సినిమాకు కూడా డబ్బు సమకూరడం కష్టమైంది. చివరకు 70 లక్షల డాలర్ల దరిదాపు బడ్జెట్‌తో, అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం స్టామ్‌ఫర్డ్ ప్రాంతంలో నెల రోజుల్లో తీసేశారు. హాలీవుడ్ లెక్కల్లో ఆ డబ్బుకు ఒక యుద్ధ సన్నివేశం రావడమే కష్టం. డబ్బు తక్కువైనందువల్ల వచ్చిన లాభం తెరమీద కనిపిస్తుంది. అనవసరమైన షాట్ వెతికినా దొరకదు.

మొదటి దృశ్యంలో వేలమంది జనం టమాటాల్లో మునిగి తేలుతుంటారు. స్పెయిన్‌లో వాలెన్సియా దగ్గరున్న బున్యోల్ ఊళ్లో ఏటా ఆగస్టు ఆఖరి బుధవారం జరిగే లా టొమాటినా పండగ అది. మన ప్రేక్షకులకు కొత్త కాదు. సరిగ్గా అదే ఏడాది, 2011లోనే వచ్చిన హిందీ సినిమా ‘జిందగీ నా మిలేగీ దొబారా’లో హృతిక్ రోషన్ బృందం టమాటాలు విసురుకుంటూ గెంతిందీ ఆ పండగలోనే. అక్కడ అది స్నేహితుల స్వేచ్ఛ. ఇక్కడ కూడా స్వేచ్ఛే. పెళ్లికి ముందు దేశాలు తిరుగుతూ, ప్రయాణాల మీద పుస్తకాలు రాస్తూ బతికిన ఈవాను జనం చేతుల మీద పైకెత్తి మోస్తుంటారు. ఆమె ఒళ్లంతా ఎర్రటి గుజ్జు. సుఖంగా ఉన్న ఆ ముఖాన్ని చూస్తున్నప్పుడే ప్రేక్షకుడికి ఎక్కడో తేడా కొడుతుంది. ఆ తర్వాత ఎరుపు సినిమాను వదిలిపెట్టదు. గోడ మీద రంగు, బ్రెడ్డు మీద జామ్, సూప్ డబ్బాలు, గడియారంలో అంకెలు. ఒకటి రెండు చోట్ల అది మరీ ఎక్కువైందనిపిస్తుంది కూడా. కానీ ఇందులో అసలు రక్తం కనిపించేది చాలా కొద్దిగానే. బడిలో జరిగిన దారుణాన్ని రామ్సే దాదాపు చూపించనే లేదు. తాళాలు, పోలీసు కార్ల దీపాలు, ఏడుస్తున్న తల్లిదండ్రులు, బాణాలు విడిచే కుర్రాడి ముఖం, అంతే.

శబ్దం ఇంకో ఎత్తు. రేడియోహెడ్ బృందంలోని జానీ గ్రీన్‌వుడ్ సంగీతం ఇచ్చాడు. దాంతోపాటు పాతకాలపు హుషారు పాటల్ని రామ్సే ఎక్కడెక్కడో ఇరికించింది. హాలోవీన్ రాత్రి ఈవా కారులో ఇంటికెళ్తుంటే రోడ్డంతా దెయ్యాల ముసుగులు వేసుకున్న పిల్లలు. వెనక బడ్డీ హాలీ పాడిన తేలికపాటి ప్రేమపాట. పిల్లల్ని చూస్తేనే వణికే మనిషి చుట్టూ ఊళ్లో పిల్లలందరూ దెయ్యాలై తిరుగుతుంటే భయపడాలో నవ్వాలో తెలియదు.

ఇక బాల్యం. సినిమా గుండె అక్కడే ఉంది.

బిడ్డ పుట్టిన తొలి నెలలు. కెవిన్ ఏడుపు ఆపడు. ఎత్తుకున్నా ఆపడు, దించినా ఆపడు. న్యూయార్క్ వీధిలో తోపుడు బండిలో వాడిని తీసుకెళ్తున్న ఈవా, రోడ్డు తవ్వే డ్రిల్లింగ్ మిషన్ పక్కన ఆగిపోతుంది. చెవులు చిల్లులు పడే ఆ మోతలో బిడ్డ ఏడుపు వినిపించదు. ఆమె కళ్లు మూసుకుంటుంది. ముఖంలో ప్రశాంతత. అర నిమిషం కూడా ఉండని ఆ దృశ్యం చూసి పిల్లల్ని పెంచిన ఏ తల్లయినా నవ్వుతుంది, ఆ నవ్వు వెంటనే ఇబ్బందిగా మారుతుంది. సాయంత్రం ఫ్రాంక్లిన్ ఇంటికొచ్చి ఎత్తుకోగానే వాడు టక్కున ఊరుకుంటాడు. ఎత్తుకుని ఊపాలంతే అంటాడు భర్త, అదేదో ఆమెకు తెలియనట్టు!

మూడేళ్లొచ్చినా కెవిన్ సరిగ్గా మాట్లాడడు. తల్లి బంతి దొర్లిస్తే అటే చూస్తూ కూర్చుంటాడు. చెవుడేమోనని డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఏమీ లేదంటాడు డాక్టరు. ఆటిజం లక్షణాలు కూడా లేవని చెబుతాడు. మామూలు తల్లయితే ఊపిరి పీల్చుకునే మాట. ఈవా ముఖం వాడిపోతుంది. జబ్బుకు ఒక పేరంటూ ఉంటే నలుగురికీ చెప్పుకోవచ్చు, మందో మాకో వాడొచ్చు. పేరు లేనప్పుడు మిగిలేది తల్లీ, పిల్లాడూ, ఇద్దరి మధ్య ఏదో సరిగ్గా లేదన్న ఆమె ఒంటరి అనుమానమూ.

నగరం వదిలి ఊరి శివార్లలో పెద్ద ఇంటికి మారతారు. ఆ ఇంట్లో తనకంటూ ఒకే ఒక గది ఉంచుకుని, గోడల నిండా పాత పటాలు అంటించుకుంటుంది. తను తిరిగిన, తిరగాలనుకున్న దేశాలు. ఆరేడేళ్ల కెవిన్ (ఈ వయసు పాత్ర వేసిన జాస్పర్ న్యూయెల్ చూపు ఎజ్రా మిల్లర్ చూపు కంటే ఎక్కువ భయపెడుతుంది) ఆమె ఫోనులో ఉండగా నీళ్ల తుపాకీలో రంగు నింపి గదంతా చిమ్మేస్తాడు. భర్త వాడినే వెనకేసుకొస్తాడు. ఆ వయసు దాటినా వాడు ఇంకా డైపర్లలోనే ఉంటాడు. మార్చిన మరుక్షణం, తల్లి కళ్లలోకి చూస్తూ, కావాలనే మళ్లీ పాడుచేస్తాడు. ఒక రోజు ఆమె పట్టు తప్పుతుంది. ఎత్తి విసిరేస్తుంది. చెయ్యి విరుగుతుంది.

ఇంటికొచ్చాక జరిగేది ఈ సినిమాలోకెల్లా పదునైన ఘట్టం. తండ్రి అడిగితే పిల్లాడు నిజం చెప్పడు. తనే పడ్డానంటాడు. ఆ అబద్ధంతో తల్లిని గుప్పిట్లో పెట్టుకుంటాడు. అప్పటి నుంచి ఆమె కాదనబోయినప్పుడల్లా చేతి మీది మచ్చను నిమురుకుంటాడు. ఏళ్ల తర్వాత జైల్లో కూర్చుని అదే మచ్చ చూపిస్తూ, నువ్వు నా విషయంలో చేసిన పనులన్నింటిలో నిజాయితీగా చేసింది ఇదొక్కటే అన్న అర్థం వచ్చేలా మాట్లాడతాడు. వినడానికి క్రూరంగా ఉంటుంది. ఆలోచిస్తే, అమ్మ నటిస్తోందని పసివాడికి తెలుసనీ, నటన ఆగిపోయిన ఒక్క క్షణాన్నే వాడు గౌరవించాడనీ అర్థమవుతుంది. ప్రేమ లేని చోట ప్రేమ చూపించడం కూడా మంచి తల్లి చేసే పనే కదా! ఎంతమంది తల్లులు నిద్రలేని రాత్రుల్లో ఆ పని చెయ్యలేదు? ఈవా దురదృష్టం, ఆ నటనను పట్టేసే ప్రేక్షకుడు ఇంట్లోనే పుట్టాడు.

ఒక రాత్రి కెవిన్‌కు జ్వరం వస్తుంది. మంచం మీద అమ్మను ఆనుకుని పడుకుంటాడు. ఆమె రాబిన్ హుడ్ కథ చదివి వినిపిస్తే ఊ కొడతాడు. తండ్రి వస్తే వెళ్లిపొమ్మంటాడు. సినిమా మొత్తమ్మీద తల్లీకొడుకులు దగ్గరైన ఘడియ ఇదొక్కటే. జ్వరం తగ్గగానే మళ్లీ పాత కెవినే. తండ్రి వాడికి విల్లంబులు కొనిపెడతాడు. వయసుతోపాటు పెద్ద విల్లు. అమ్మ ఒడిలో విన్న కథే చివరికి ఆయుధమవుతుంది. నవల్లోనూ తుపాకీ లేదు, బాణాలే. ఆ ఎంపిక వల్ల అమెరికాలో ఎప్పుడూ జరిగే తుపాకీ చట్టాల వాదన పక్కకు పోయి, చూపంతా ఆ ఇంటి మీదే నిలుస్తుంది.

ఈ కథలో అందరూ కెవిన్‌నూ ఈవానూ చూస్తారు, ఫ్రాంక్లిన్‌ను వదిలేస్తారు. అతను చెడ్డవాడు కాదు. పిల్లలతో ఆడుకుంటాడు, భార్యను కొట్టడు, తాగడు. అతని సమస్య ఒక్కటే, భార్య చెప్పేది నమ్మడు. చెల్లెలు సీలియా పుట్టాక ఆ పాప పెంచుకునే చిన్న జంతువు వంటింటి తూములో చచ్చి కనిపిస్తుంది. కొన్నాళ్లకు పాప ఒక కన్ను పోతుంది. తూము శుభ్రం చేసే మందు పడింది. ఈవాకు తెలుసు, చెప్పాలని చూస్తుంది. భర్త దృష్టిలో అది ప్రమాదం, లేదంటే మందు సీసా లోపల పెట్టడం మరచిన ఆమె అజాగ్రత్త. కెవిన్ మాత్రం ఎదురుగా కూర్చుని లిచీ పండు తొక్క నింపాదిగా ఒలుచుకుని, తెల్లగా నిగనిగలాడే గుజ్జును కొరుకుతాడు. చెల్లెలికి గాజు కన్ను పెట్టించే సంగతి ఇంట్లో చర్చకు వచ్చిన పూట అది. కెవిన్ గురించి మనం మాట్లాడుకోవాలి అని పేరు పెట్టుకున్న ఈ సినిమాలో ఆ మాటలు ఎక్కడా పూర్తికావు. మొదలైన ప్రతిసారీ భర్త నవ్వేస్తాడు, లేదా చిరాకు పడతాడు. చివరకు ఆ మొగుడూ పెళ్లాల మధ్య వచ్చింది విడాకుల మాట. బడికి వెళ్లడానికి ముందు కెవిన్ ఇంటి పెరట్లో తండ్రినీ చెల్లెల్నీ కూడా చంపేశాడన్నది సినిమా ఆఖరున గానీ తెలియదు. తన మాట నమ్మని మనిషి అక్కడ పడి ఉండగా, నిజమైందని ఎవరితో చెప్పుకోవాలి ఆమె?

సరే, ఇంతకీ తప్పెవరిది? పిల్లాడి మనసు గతి తప్పితే తల్లిని బోనెక్కించడం పల్లెటూరి అమ్మలక్కలతోనే ఆగలేదు, పేరున్న వైద్యులూ చేశారు. స్కిజోఫ్రీనియాకు తల్లి స్వభావమే కారణమన్న వాదనకు 1948లో ఫ్రీడా ఫ్రోమ్-రైక్మన్ అనే మానసిక వైద్యురాలు పేరు కూడా పెట్టింది. ఆటిజం పిల్లల తల్లులు మంచుగడ్డల్లాంటివాళ్లని, ఆ చలికే పిల్లలు ముడుచుకుపోతారని బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో ‘ది ఎంప్టీ ఫోర్ట్రెస్’ పుస్తకంలో రాస్తే లోకం నమ్మింది. అంతకు మూడేళ్ల ముందే బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన కొడుక్కే ఆటిజం ఉన్న తండ్రి, అది మెదడుకు సంబంధించిన విషయమని పుస్తకం రాశాడు. సిద్ధాంతం కూలడానికి ఇంకా ఏళ్లు పట్టింది. ఈలోపు ఎందరు తల్లులు తమను తాము శపించుకున్నారో!

కెవిన్ లాంటి ప్రవర్తనకు ఇప్పటి వైద్యులు దగ్గరగా చెప్పే మాట కాండక్ట్ డిజార్డర్. పిల్లలు పదేపదే ఇతరులను గాయపరచడం, జంతువులను హింసించడం, అబద్ధాలు, దొంగతనాలు ఇందులోకి వస్తాయి. వాళ్లలో కొద్దిమందికి ఎదుటివాళ్ల బాధ అసలు అంటదు, పశ్చాత్తాపం ఉండదు. అమెరికా మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం 2013 కూర్పులో అలాంటివాళ్లను విడిగా గుర్తించే వీలు కల్పించారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎసీ వైడింగ్ బృందం బ్రిటన్‌లో ఏడేళ్ల కవల పిల్లల మీద చేసిన అధ్యయనం 2005లో వెలువడింది. ఈ కరకుతనంతో కలిసి వచ్చే దుష్ప్రవర్తనలో జన్యువుల పాత్ర చాలా ఎక్కువని తేలింది. అలాగని పుట్టుకతోనే రాసిపెట్టి ఉందని కాదు. దండించినకొద్దీ ఇలాంటి పిల్లలు మొండికేస్తారు, ఓపికగా మంచి పనిని మెచ్చుకుంటూ పెంచితే ఎంతో కొంత మారతారు. అందుకే చికిత్సలో సగం తల్లిదండ్రులకు ఇచ్చే శిక్షణే. ఇద్దరూ ఒక్క మాట మీద ఉండాలన్నది అందులో మొదటి షరతు. ఫ్రాంక్లిన్ ఇంట్లో లేనిదదే.

ఈ దృష్టితో చూస్తే సినిమాలో ఒక లోపం కనిపిస్తుంది. కెవిన్ మరీ తెలివైనవాడు, మరీ అందగాడు, ఊయలలో ఉండగానే తల్లి మీద పగబట్టినట్టుంటాడు. ఆసుపత్రులకు వచ్చే నిజమైన పిల్లలు ఇలా ఉండరు. చదువు రాక, తన్నులు తిని, స్నేహితులు లేక, తమకేం జరుగుతోందో తమకే తెలియని పిల్లలు వాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఎవరినీ చంపరు. రామ్సే తరఫున వాదించేవాళ్ల దగ్గర ఒక జవాబుంది. మనం చూసేది కెవిన్‌ను కాదు, అంతా అయిపోయాక ఈవాకు గుర్తొచ్చే కెవిన్‌ను. కొడుకు హంతకుడని తెలిశాక వెనక్కి తిరిగి చూసే తల్లికి పసివాడి ప్రతి చూపులోనూ హంతకుడే కనిపిస్తాడు. మంచి వాదనే. కానీ లిచీ పండు దృశ్యంలో దర్శకురాలికి ప్రేక్షకుణ్ని జడిపించాలన్న సరదా కూడా ఉందని ఒప్పుకోవాలి. 1956లో హాలీవుడ్ తీసిన ‘ది బ్యాడ్ సీడ్’లో ఎనిమిదేళ్ల హంతకురాలిని చివర్లో పిడుగు పడి చంపుతుంది. నేరం చేసినవాళ్లు తప్పించుకోకూడదన్నది అప్పటి సెన్సారు నియమం. మూల నవలలో, నాటకంలో ఆ పిల్ల బతికే ఉంటుంది, తల్లే చనిపోతుంది. రామ్సే పిడుగును నమ్ముకోలేదు, అంత వరకు నయం.

సినిమాను పక్కన పెట్టి నిజం తల్లుల దగ్గరికొస్తే చిత్రం ఇంకా చిక్కుపడుతుంది. 1999 ఏప్రిల్ 20న కొలరాడోలోని కొలంబైన్ హైస్కూల్లో ఇద్దరు విద్యార్థులు కాల్పులు జరిపి 12 మంది పిల్లలనూ ఒక టీచరునూ చంపి, తమను తాము కాల్చుకున్నారు. ఇద్దరిలో ఒకడు డిలన్ క్లెబోల్డ్. నవల్లో కెవిన్ నేరం జరిగింది దానికి సరిగ్గా 12 రోజుల ముందు. డిలన్ తల్లి సూ క్లెబోల్డ్ ఏళ్ల తరబడి మౌనంగా ఉండి, 2016లో తన కథను పుస్తకంగా రాసింది. ఆమె ఈవాకు పూర్తిగా ఎదురు. కొడుకంటే ప్రాణం, వాడి మీద ఫిర్యాదుల్లేవు. ఘటనకు ఏడాది ముందు ఒక వ్యాన్‌లోంచి వస్తువులు దొంగిలించి పట్టుబడ్డాడు, సరిదిద్దే కార్యక్రమానికి పంపారు, అదీ పూర్తిచేశాడు. అంతా సర్దుకుందనుకున్నారు. చనిపోవాలని ఉందంటూ అతను డైరీల్లో రాసుకున్న సంగతి అంతా అయ్యాకే బయటపడింది. ప్రేమిస్తే చాలు, బిడ్డ మనసులో ఏముందో తల్లికి తెలిసిపోతుందన్న నమ్మకాన్ని ఆ పుస్తకం నిలువునా కూల్చింది. దాని మీద వచ్చిన డబ్బును ఆమె మానసిక ఆరోగ్య సేవలకు ఇచ్చింది.

మూడో తల్లి జెన్నిఫర్ క్రంబ్లీ. మిషిగన్ రాష్ట్రం ఆక్స్‌ఫర్డ్ హైస్కూల్లో 2021 నవంబరు 30న ఆమె పదిహేనేళ్ల కొడుకు నలుగురు విద్యార్థులను కాల్చి చంపాడు. ఆ తుపాకీ తండ్రి నాలుగు రోజుల ముందే కొన్నది. ఆ ఉదయమే లెక్కల కాగితం మీద తుపాకీ బొమ్మ, రక్తం కారుతున్న మనిషి బొమ్మ, సాయం కావాలన్న రాత చూసి టీచర్లు తల్లిదండ్రులను పిలిపించారు. వాళ్లు వచ్చారు, చూశారు, పిల్లాడిని బళ్లోనే వదిలి పనులకు వెళ్లిపోయారు. బళ్లోనూ ఎవరూ అతని సంచి తెరిచి చూడలేదు. రెండు గంటలు గడిచాయో లేదో కాల్పులు మొదలయ్యాయి. 2024 ఫిబ్రవరిలో జ్యూరీ తల్లిని దోషిగా తేల్చింది, మార్చిలో తండ్రిని. ఏప్రిల్ 9న ఇద్దరికీ 10 నుంచి 15 ఏళ్ల జైలు. బడిలో బిడ్డ చేసిన సామూహిక హత్యలకు తల్లిదండ్రులు ఇలా నేరస్థులుగా నిలవడం అమెరికాలో అదే మొదలు. ఈవా చూసి చెప్పింది, వినేవాళ్లు లేరు. సూకు కనిపించనేలేదు. జెన్నిఫర్‌కు కాగితం మీద గీసి చూపించినా ఇంటికి తీసుకుపోలేదు. ముగ్గురినీ ఒకే గాటన కట్టి తల్లి పెంపకం అనేస్తే మనకు పని తేలికవుతుంది.

మన సినిమా తల్లికి ఈ చిక్కు లేదు. దారితప్పిన కొడుకును తల్లే కాల్చి చంపిన ‘మదర్ ఇండియా’ 1957లో వచ్చింది, తెలుగులో జమున తల్లిగా 1971లో ‘బంగారు తల్లి’ అయింది. అక్కడ కొడుకు ఎందుకు చెడ్డాడో మొదటి రీలు నుంచీ తెలుసు. వడ్డీ వ్యాపారి పెట్టిన బాధలు, ఆకలి, అవమానం. తల్లి ప్రేమ మీద చిన్న మచ్చ కూడా లేదు. అందుకే తుపాకీ ఎత్తినా ఆమె దేవతే. ఈవాకు ఆ భోగం లేదు. ఆమె కొడుక్కి ఆకలి లేదు, పగకు కారణం లేదు, ఆమె ప్రేమ మీద ఆమెకే నమ్మకం లేదు. బిడ్డ పుట్టాక ఒక తల్లికి సంతోషం బదులు శూన్యం అనిపించిందని మన తెరమీద చూపించినవాళ్లు చాలా అరుదు. ఇళ్లలో మాత్రం అలాంటి తల్లులున్నారు. పిల్లాడు గోల చేస్తే గారాబం ఎక్కువైందంటారు, ముభావంగా ఉంటే తల్లి పట్టించుకోదంటారు, చెయ్యి చేసుకుంటే మేనమామ పోలికంటారు. ఏదైనా అటు తిరిగి ఇటు తిరిగి పుట్టింటి గడప దగ్గరే ఆగుతుంది!

2015-16లో నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. పెద్దాసుపత్రుల్లో పిల్లల మానసిక వైద్యుల దగ్గరికి రావడానికే కుటుంబాలకు ఏళ్లు పడుతుంది. ముందు తాయెత్తు, ఆ తర్వాత హాస్టలు, ఆ రెండూ పనిచెయ్యకపోతే అప్పుడు డాక్టరు. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. పిల్లాడి గురించి తల్లి చెప్పే మాటను తప్పుపట్టకుండా వినే మనిషి ఒకరు అటు చివర ఉంటే, అది ఫ్రాంక్లిన్ ఇవ్వనిది ఇచ్చినట్టే.

ఇదే కథను ఇంకోలా తీయొచ్చని కెనడా కుర్ర దర్శకుడు జేవియర్ డొలాన్ 2014లో ‘మమ్మీ’తో చూపించాడు. అప్పటికతనికి 25 ఏళ్లు. కాన్స్‌లో జ్యూరీ బహుమతిని దర్శకుడు గొడార్ అంతటివాడితో పంచుకున్నాడు. భర్తపోయిన డయాన్, ఒక్క క్షణం కుదురుగా ఉండని, ఎప్పుడు చెయ్యెత్తుతాడో తెలియని కొడుకు స్టీవ్. ఇక్కడ ప్రేమకు కొదవ లేదు. అరుపులు, బూతులు, కౌగిలింతలు, అన్నీ ఎక్కువే. తెర మాత్రం నలుచదరంగా, ఊపిరాడనంత ఇరుకుగా ఉంటుంది. కొడుకు స్కేట్‌బోర్డు మీద వెళ్తూ రెండు చేతులతో ఆ చదరాన్ని అటూ ఇటూ తోస్తే తెర నిండుగా తెరుచుకుంటుంది. అలవిగాని పిల్లలను తల్లిదండ్రులు ప్రభుత్వ ఆసుపత్రికి అప్పగించేసే చట్టమొకటి వచ్చిందని డొలాన్ ఊహించాడు. డయాన్ ఏం చేస్తుందో చూసినవాళ్లకు తెలుసు. అంత ప్రేమ ఉన్న తల్లి అప్పగిస్తుంది. ప్రేమ లేదని పేరుపడ్డ ఈవా అప్పగించదు. రెండు సినిమాలనూ వెంటవెంటనే చూస్తే తల్లి ప్రేమ గురించి మనకున్న లెక్కలన్నీ తారుమారవుతాయి.

ఈవా ఆ ఊరు వదిలి ఎందుకు పోదన్నది ఈ సినిమా చూసినవాళ్లలో చాలామంది అడిగే ప్రశ్న. జైలు దగ్గర కాబట్టి. ప్రతిసారీ వెళ్లి వాడి ఎదురుగా కూర్చుంటుంది. మాటలుండవు. కొరికిన గోళ్ల ముక్కల్ని వాడు నోట్లోంచి తీసి బల్ల మీద వరుసగా పెడతాడు, ఆమె పెంకు ముక్కల్ని పెట్టినట్టే. అద్దె ఇంట్లో వాడికో గది సర్దుతుంది, చొక్కాలు ఇస్త్రీ చేసి మడిచి పెడుతుంది. రెండేళ్లు నిండిన రోజు వెళ్లేసరికి వాడికి గుండు. మొహం మీద పాత గర్వం లేదు. పద్దెనిమిది నిండబోతున్నాయి, పెద్దల జైలుకు మార్చబోతున్నారు, భయపడుతున్నాడు. అప్పుడు అడుగుతుంది, ఎందుకు చేశావని. ఒకప్పుడు తెలుసనుకున్నానని, ఇప్పుడు తెలియదని వాడి జవాబు. ఆమె వాడిని కావలించుకుంటుంది.

స్వింటన్‌కు ఈ పాత్ర ఆ ఏడాది యూరోపియన్ ఫిల్మ్ అవార్డుల్లో ఉత్తమ నటి బహుమతి తెచ్చిపెట్టింది. బాఫ్టాకు, గోల్డెన్ గ్లోబ్‌కు నామినేషన్లు వచ్చాయి. ఆస్కార్ జాబితాలో మాత్రం ఆమె పేరు లేదు. రామ్సే 2025లో మళ్లీ తల్లి కథతోనే కాన్స్‌కు వెళ్లింది. అర్జెంటీనా రచయిత్రి అరియానా హార్విచ్ నవల ఆధారంగా తీసిన ‘డై మై లవ్’లో జెన్నిఫర్ లారెన్స్ ఒక పల్లెటూరి ఇంట్లో పసిబిడ్డతో, మతి తప్పుతున్న మనసుతో మిగిలిపోయిన యువతి. ఈసారి బిడ్డలో ఏ లోపమూ లేదు.